ప్రతుల సంఖ్యను ఎవరు నిర్ణయిస్తారు? – జే రిటార్డ్ తొలి సోలో రికార్డు 'బ్లడ్ విజన్స్'

మన పుస్తకాల రెండో పేజీలో ధర పక్కనే 'ప్రతులు' అని ఒక అంకె వేయడం చాలాకాలంగా ఉన్న ఆనవాయితీ. వెయ్యి, ఐదొందలు, ఈ మధ్య మూడొందలు. ఆ అంకెను మన విమర్శకులెవరూ చదవరు. వస్తువు గురించి రాస్తారు, శిల్పం గురించి రాస్తారు, కవి దృక్పథం గురించి పేజీలకు పేజీలు రాస్తారు. ఎన్ని ప్రతులు అచ్చయ్యాయి, అన్నే ఎందుకు అచ్చయ్యాయి అన్నది మాత్రం ప్రెస్సువాడి లెక్క అనుకుంటారు. కళకు భౌతికమైన పునాది ఉంటుందని అందరికంటే గట్టిగా వాదించే మనమే, ఆ పునాది ఒక అంకె రూపంలో కళ్లెదుట కనిపిస్తే పేజీ తిప్పేస్తాం.

ఆ అంకెను చదివితే ఏం తెలుస్తుందో చూడడానికి నేనొక దూరపు ఉదాహరణ తీసుకుంటున్నాను. అమెరికాలో మెంఫిస్ నగరానికి చెందిన జే రిటార్డ్ అనే గ్యారేజ్ రాక్ గాయకుడు 2006లో తన పేరు మీద తొలిసారి వెలువరించిన 'బ్లడ్ విజన్స్' అనే రికార్డు అది. అమెరికా కుర్రాళ్ల గోల మనకెందుకని అడిగే మిత్రులు ఎలాగూ ఉంటారు. చిన్న పత్రిక, సొంత ప్రచురణ, మార్కెట్‌కు లొంగనితనం - ఇవి మనం గర్వంగా వాడుకునే మాటలు. అక్కడి చిన్న రికార్డు సంస్థలవాళ్లు ఇవే మాటల్ని దాదాపు అర్ధశతాబ్దంగా వాడుతున్నారు. ఆ మాటలకు చివరికి ఏ గతి పట్టిందో కూడా అక్కడ కాస్త ముందుగానే కనిపిస్తోంది. కాబట్టి ఇది వాళ్ల గోల మాత్రమే కాదు.

ముందు 'గ్యారేజ్ రాక్' అంటే ఏమిటో చూద్దాం. 1960ల మొదట్లో, ముఖ్యంగా బీటిల్స్ ప్రభంజనం అమెరికా తీరాన్ని తాకిన 1964 తర్వాత, ఊరూరా హైస్కూలు కుర్రాళ్లు ముగ్గురో నలుగురో కలిసి చవక గిటార్లు కొనుక్కుని ఇంటి పక్క కారు షెడ్డులో వాయించడం మొదలుపెట్టారు. ఆ షెడ్డే గ్యారేజ్. శిక్షణ లేదు, స్టూడియో లేదు. స్థానికంగా ఏ చిన్న సంస్థో రెండు పాటల చిన్న ప్లేటు వేస్తే, ఆ ఊరి రేడియోలో నాలుగు రోజులు మోగి ఆగిపోయేది. పేరు పెట్టడంలోనే ఒక వర్గ లక్షణం ఉంది గమనించండి: కారు షెడ్డు ఉండాలంటే ముందు కారుండాలి, కారుకి ముందు ఇల్లుండాలి. అంటే ఇది కూలివాడల సంగీతంగా పుట్టలేదు. తమదంటూ ఒక కప్పు ఉండి, దాని కింద ఊపిరాడని దిగువ మధ్యతరగతి సంతానం సంగీతం ఇది. దీని బలం, దీని హద్దు రెండూ అక్కడే ఉన్నాయని నా అభిప్రాయం.

ఈ ధోరణికి ఆది గీతంగా చెప్పుకునే 'లూయీ లూయీ' చరిత్ర ఒక్కటి చాలు. రిచర్డ్ బెర్రీ అనే నల్లజాతి గాయకుడు రాసుకుని 1957లో విడుదల చేసిన పాట అది. కొద్ది వందల డాలర్లకు హక్కులు అమ్ముకున్నాడు. 1963లో పోర్ట్‌లాండ్‌కు చెందిన కింగ్స్‌మెన్ అనే తెల్లకుర్రాళ్ల బృందం దాన్ని గబగబా, మాటలు సరిగా వినబడకుండా పాడితే దేశమంతా మారుమోగింది. ఆ వినబడని మాటల్లో బూతులున్నాయేమోనని ఎఫ్‌.బి.ఐ. పెద్ద విచారణే జరిపి, ఏమీ అర్థం కావడం లేదని తేల్చింది. పాట రాసిన మనిషికి హక్కుల్లో కొంత భాగం తిరిగి దక్కడానికి 1980ల నడుమ దాకా పట్టింది. ధిక్కారమని పేరుపడ్డ సంగీతం కింద కూడా ఎవరి శ్రమ ఎవరి ఖాతాలో పడింది అన్న ప్రశ్న అలాగే ఉంది. 1972లో లెనీ కే 'నగెట్స్' పేరుతో ఆ మరుగునపడ్డ పాటల్ని సంకలనం చేశాక, వాటిని విని పెరిగిన తరం వాటికి వారసులమని చెప్పుకుంది. ఆ వారసత్వపు చివరి కొసన ఉన్నవాడు మన జే రిటార్డ్.

అతను పెరిగిన మెంఫిస్ సంగీతానికి కొత్త ఊరు కాదు. సామ్ ఫిలిప్స్ సన్ స్టూడియోలో ఎల్విస్ ప్రెస్లీ తొలి రికార్డు 1954లో చేసింది అక్కడే. ఆ రికార్డుల్ని ముద్రించిన 'ప్లాస్టిక్ ప్రొడక్ట్స్' కర్మాగారమూ ఆ ఊళ్లోదే. నల్లవాళ్లూ తెల్లవాళ్లూ ఒకే గదిలో కూర్చుని వాయించిన స్టాక్స్ సంస్థ అక్కడిదే. ఆ స్టాక్స్, పంపిణీ చేసిపెట్టే అట్లాంటిక్ సంస్థతో కుదుర్చుకున్న ఒప్పందంలో ఒక షరతును సరిగా చదువుకోని పాపానికి, 1968 నాటికి తన మూలప్రతుల మీదే హక్కు పోగొట్టుకుంది; 1975లో దివాలా తీసింది. 1968 ఫిబ్రవరిలో 1300 మంది నల్లజాతి పారిశుద్ధ్య కార్మికులు సమ్మెకు దిగితే, వాళ్లకు అండగా వెళ్లిన మార్టిన్ లూథర్ కింగ్‌ను ఏప్రిల్ 4న కాల్చి చంపింది ఆ ఊళ్లోనే. 1983లో ఫైర్‌స్టోన్ టైర్ల ఫ్యాక్టరీ మూతపడింది. 1980లో మిసోరీలో పుట్టిన జిమ్మీ లీ లిండ్‌సే జూనియర్ అనే పిల్లవాడు ఎనిమిదేళ్ల వయసులో ఆ ఊరికి చేరేటప్పటికి, స్టూడియోలు పర్యాటకులు చూసే స్థలాలుగా మారుతున్నాయి.

అతని పెంపకం పేదరికంలో సాగింది. బడి మధ్యలోనే మానేశాడు. ఇంట్లో ఒక్కడే కూర్చుని గిటారు వాయిస్తూ, డ్రమ్స్ లేక బకెట్టు మీద దరువు వేస్తూ ఒక టేపు రికార్డు చేసి, గోనర్ రికార్డ్స్ నడిపే ఎరిక్ ఫ్రీడిల్‌కు పంపాడు. ఫ్రీడిల్ అబ్లివియన్స్ అనే మెంఫిస్ గ్యారేజ్ బృందంలో సభ్యుడు; గోనర్ అతను సొంతంగా నడుపుకునే చిన్న సంస్థ. 1998లో ఆ సంస్థ ద్వారా 'ది రిటార్డ్స్' పేరుతో తొలి రికార్డులు వచ్చాయి. ఆ పేరు గురించి ఒక మాట చెప్పక తప్పదు. బుద్ధిమాంద్యం ఉన్నవాళ్లను హీనపరిచే తిట్టునే అక్షరాలు కొంచెం మార్చి పేరుగా పెట్టుకున్నాడు. సమాజం తనను ఏమని పిలుస్తుందో దాన్నే నెత్తిన పెట్టుకోవడం ధిక్కారంలో ఒక పద్ధతి, మనకూ తెలుసు. అయితే ఆ తిట్టు ముందు తగిలేది అతనికి కాదు, పాట కట్టలేని, రికార్డు వేయలేని వేరే మనుషులకు. వాళ్లను అడిగి పెట్టుకున్న పేరు కాదిది.

తర్వాత అలీసియా ట్రౌట్‌తో కలిసి 'లాస్ట్ సౌండ్స్' అనే బృందం నడిపాడు. ఆమెతో కలిసి ఒక చిన్న రికార్డు సంస్థ కూడా నడిపాడు. 2005లో ఆ బృందం విడిపోయింది. ఆ మరుసటి ఏడాదే 'బ్లడ్ విజన్స్'.

ఆ రికార్డు గురించి చెప్పేముందు అసలు రికార్డు ఎలా తయారవుతుందో కొంత చెప్పాలి. అది తెలియకపోతే ఈ సంగీతంలో సంఖ్య అనేది ఎందుకంత ముఖ్యమో అర్థం కాదు. అల్యూమినియం బిళ్ల మీద లక్క వంటి పూత పూసి, దాని మీద సూదితో ధ్వనిని గాడిగా కోస్తారు. ఆ బిళ్ల మీద వెండి పొర పట్టించి, నికెల్ పోత పోసి విడదీస్తే గాడికి బదులు గట్టు ఉన్న అచ్చు వస్తుంది. ఆ అచ్చుల జత మధ్య వేడి చేసిన ప్లాస్టిక్ ముద్దను పెట్టి నొక్కితే ప్లేటు. సుమారు వెయ్యి ప్లేట్లు నొక్కేసరికి అచ్చు అరిగిపోవడం మొదలవుతుంది. అందుకే ఎక్కువ కావాలనుకునేవాళ్లు అచ్చుకు అచ్చు, దానికి మళ్లీ అచ్చు తీసి పెట్టుకుంటారు. తక్కువ చాలనుకునేవాళ్లు మొదటి అచ్చుతోనే పని కానిస్తారు. ఇందులో తిరకాసు ఏమిటంటే, గాడి కోయడానికీ పోత పోయడానికీ అయ్యే ఖర్చు మూడొందల ప్లేట్లకూ మూడువేల ప్లేట్లకూ ఇంచుమించు ఒకటే. మన అచ్చు పనిలో కంపోజింగు ఖర్చు లాంటిదన్నమాట. తక్కువ వేస్తే ప్లేటు ఒక్కింటికి పడే ఖర్చు పెరుగుతుంది. ఎక్కువ వేస్తే మంచం కింద అట్టపెట్టెలు మిగులుతాయి. మూడొందలు, ఐదొందలు, వెయ్యి అన్న అంకెలు ఈ రెండు భయాల నడుమ పుట్టినవి. వాటిలో సౌందర్యం ఏమీ లేదు.

ఈ లెక్కను దాచకుండా బయటపెట్టిన ఘనత ఇంగ్లండులో మాంచెస్టర్ ప్రాంతపు బజ్‌కాక్స్ బృందానిది. 1977 జనవరిలో ఐదొందల పౌన్లు అప్పుచేసి, తమ సొంత సంస్థ పేరు మీద 'స్పైరల్ స్క్రాచ్' అనే నాలుగు పాటల ప్లేటు వెయ్యి ప్రతులు వేశారు. ఏ పాట ఎన్నో టేకులో రికార్డయిందో అట్ట మీదే అచ్చు వేశారు. స్టూడియో అంటే మంత్రాల గది అన్న భ్రమను తొలగించడానికి ఇంతకంటే మంచి ఉపాయం నేనెరగను. వెయ్యీ అమ్ముడుపోతే మళ్లీ వేశారు. మొత్తం పదహారు వేల దాకా పోయాయి. ఇక్కడ ముఖ్యమైన మాట 'మళ్లీ వేశారు' అన్నది. వెయ్యి అన్న అంకె వాళ్ల చేతిలో ఉన్న డబ్బుకు కొలత. అడిగేవాళ్లు ఉన్నంతకాలం ఆ అంకె పెరగడానికి వాళ్లకు అభ్యంతరం లేదు.

ఇప్పుడు 'బ్లడ్ విజన్స్'. లాస్ ఏంజెలస్‌లో లారీ హార్డీ నడిపే 'ఇన్ ద రెడ్' అనే చిన్న సంస్థ దీన్ని వేసింది. పదిహేను దాకా పాటలు, మొత్తం కలిపి అరగంట లోపే. దాదాపు అన్ని వాయిద్యాలూ జే ఒక్కడే వాయించుకుని, ఇంట్లోనే రికార్డు చేసుకున్నాడు. గిటారు మోత పలచగా, గరుగ్గా, రంపం కోతలా ఉంటుంది. దరువు పరుగు తీస్తుంది. మెంఫిస్ కుర్రాడి గొంతులో ఇంగ్లండు యాస వినిపిస్తుంది. 1977 నాటి ఆడ్వర్ట్స్ అనే బ్రిటిష్ బృందం పాటనొకదాన్ని ఇందులో అతను మళ్లీ పాడాడు కూడా. మొదటిసారి వింటే గోలే. మూడోసారికి ఆ గోల లోపల పిల్లల పాటంత సులువైన, తిన్నని రాగం ఒకటి నడుస్తున్నదని తెలుస్తుంది. నిమిషంన్నర కాగానే పాట ఆగుతుంది. పల్లవిని అవసరానికి మించి ఒక్కసారి కూడా తిప్పడు. మన వచన కవులు చాలామంది ఈ పొదుపు నేర్చుకోవలసింది ఉందని నాకనిపిస్తుంది.

ఇతను ఒక్కడే అన్నీ చేయడాన్ని రెండు వైపులనుంచీ చూడాలి. పెట్టుబడిదారీ సంగీత పరిశ్రమలో పాట రాసేవాడు, వాయించేవాడు, రికార్డు చేసేవాడు, హక్కుదారు వేరువేరు మనుషులు; వాళ్ల మధ్య గోడలున్నాయి, ఆ గోడల దగ్గరే దోపిడీ జరుగుతుంది. రిచర్డ్ బెర్రీకీ స్టాక్స్‌కూ జరిగింది అదే. ఉత్పత్తి సాధనాల్లో తనకు అందుబాటులో ఉన్నంతమేరకు చేతిలోకి తీసుకుని ఆ గోడల్ని కొన్ని కూల్చాడు జే. ఇది మెచ్చుకోవలసిన పని. అయితే గ్యారేజ్ రాక్‌కు ఉన్న ఒకే ఒక్క సామూహిక లక్షణం నలుగురు కలిసి వాయించడం. అది కూడా ఇక్కడ పోయింది. 'సోలో' అన్న మాటకు అర్థం అదే. వాదించేవాడు, 'ఈ చరణం బాగాలేదు' అనేవాడు గదిలో లేడు. యజమానీ తానే, కూలీ తానే అయినవాడు తన చేత తాను ఎన్ని గంటలైనా పని చేయించుకుంటాడు. 2006 తర్వాత మూడేళ్లలో అతను వేసిన రికార్డుల జాబితా చూస్తే నాకు ముందు ఆశ్చర్యం వేసింది, తర్వాత భయం వేసింది.

ఇక వస్తువు. ఈ రికార్డును మెచ్చుకునేవాళ్లలో చాలామంది ఇక్కడికి వచ్చేసరికి మాట మారుస్తారు. నేను మార్చదలచుకోలేదు. పాటలన్నిటినీ కలుపుతూ ఒక మనిషి ఉన్నాడు. అతను ఒక స్త్రీని వెంటాడతాడు, కనిపెట్టి చూస్తుంటాడు, చంపాలని కలలు గంటాడు. అట్ట మీద ఒళ్లంతా నెత్తురుతో నిలబడ్డ గాయకుడి బొమ్మ. పాత్ర గొంతు వేరు, కర్త గొంతు వేరు అన్న సమాధానం నాకు తెలుసు. హంతకుడి నోట కథ చెప్పించిన గొప్ప రచనలు ప్రపంచ సాహిత్యంలో లేకపోలేదు. కానీ అలాంటి రచనల్లో చచ్చిపోయిన మనిషి కూడా మనిషిగా మనకు కనిపిస్తుంది. ఆమె లేనితనం మనల్ని వెంటాడుతుంది. ఇక్కడ ఆమెకు పేరు లేదు, మాట లేదు. ఆమె భయం పాట వేగానికి ఇంధనం, అంతే. అంత చక్కని రాగం ఆ భయం మీద కట్టడం వల్ల, వినేవాడి కాలు తాళం వేస్తుంది, మనసు ఏమీ అడగదు. శిల్పం బాగుండడం వస్తువుకు శిక్ష తగ్గించదు. నా దృష్టిలో నేరం పెంచుతుంది.

ఫ్యాక్టరీలు మూతపడ్డ ఊళ్లో కోపం ఇలాగే దారి తప్పుతుందని ఒక సమీకరణం రాసేయడం సులువు. మనలో కొందరు అలాంటి సమీకరణాలు రాయడంలో ఆరితేరారు. నేనా పని చేయను. అదే ఊళ్లో, అంతకంటే దుర్భరమైన బతుకుల్లోంచి 1968 సమ్మె వచ్చింది. వాళ్ల కోపానికి గురి దొరికింది, పక్కన మనుషులు దొరికారు. గదిలో ఒంటరిగా బకెట్టు వాయించిన పిల్లవాడి కోపానికి ఆ రెండూ దొరకలేదు. తన మీద జాలి, తన కంటే బలహీనుల మీద కసి - ఈ రెండింటి మధ్య అతని కోపం ఊగింది. అయినా ఆ కోపం అబద్ధం కాదు. అందుకే ఈ రికార్డును పక్కన పారేయలేకపోతున్నాను.

2008లో కథ మలుపు తిరిగింది. 'బ్లడ్ విజన్స్' పేరు నోటి మాటగా పాకాక, న్యూయార్క్‌కు చెందిన మెటడోర్ సంస్థ అతనితో ఒప్పందం చేసుకుంది. బాగా నిలదొక్కుకున్న, పంపిణీ బలం ఉన్న సంస్థ అది. అది చేసిన మొదటి పని వరసగా ఆరు చిన్న ప్లేట్లు వేయడం. మొదటిది 3500 ప్రతులు. అక్కడి నుంచి ఒక్కొక్కటీ ముందుదానికంటే తక్కువ. ఆరోది 400.

ఈ అంకెల్ని బజ్‌కాక్స్ అంకెల పక్కన పెట్టి చూడండి. అక్కడ వెయ్యితో మొదలై, వినేవాళ్లు పెరిగినకొద్దీ పదహారు వేలకు పెరిగింది. ఇక్కడ వినేవాళ్లు పెరుగుతున్నారని తెలిసి తెలిసీ, సంఖ్యను తగ్గించుకుంటూ వచ్చారు. డబ్బు లేక తగ్గలేదు. అచ్చులు అరిగిపోయి తగ్గలేదు. దొరకకపోవడమే సరుకు లక్షణంగా తయారైంది. 1998లో గోనర్ వేసిన చిన్న ప్లేటు వెనక ఉన్నది పేదరికం. పదేళ్లు తిరక్కుండా ఆ పేదరికం ఆనవాలును ఒక అలంకారంగా మార్చి అమ్మారు. ఇందులో జే రిటార్డ్‌కు ఇష్టం లేదని నేననను. ప్లేట్లు సేకరించే పిచ్చి ఉన్న లోకంలోనే పెరిగినవాడు, ఆ ఆటను ఆనందించి ఉండవచ్చు. విమర్శకుడు చూడవలసింది అతని ఉద్దేశం కాదు, ఆ అంకె చేసిన పని. అదే ఏడాది ఆ ఆరు ప్లేట్ల పాటలన్నీ కలిపి ఒక్క సంకలనంగా వేసి అందరికీ అమ్మారు. పాటకు కొరత లేదన్నమాట, కొరత వస్తువుకే. నేను కూడా 'బ్లడ్ విజన్స్' విన్నది ప్లేటు మీద కాదు, కంప్యూటర్‌లో. దాన్ని విన్నవాళ్లలో అత్యధికులు అలాగే విని ఉంటారు. షేక్ నాజర్ బుర్రకథకు ప్రతుల సంఖ్య అడిగినవాడు లేడు; ఆ కథను అడ్డుకోవడానికి ప్రభుత్వం నిషేధం పెట్టవలసి వచ్చింది. పాట గొంతునుంచి గొంతుకు నడిచినచోట ఈ కొరతను సృష్టించడం ఎవరి తరమూ కాదు.

2009లో 'వాచ్ మి ఫాల్' అనే రెండో పెద్ద రికార్డు వచ్చింది. మొదటిదానికంటే నెమ్మది, నా చెవికి కొంచెం అలసట. ఆ ఏడాది చివర్లో తోటి వాయిద్యకారులు అతన్ని వదిలి వెళ్లిపోయారు. 2010 జనవరి 13న మెంఫిస్‌లో తన ఇంట్లో చనిపోయాడు. కొకైన్, మద్యం కారణమని పరీక్షలో తేలింది. ఇరవై తొమ్మిదేళ్లు.

ఆ తర్వాత పదేళ్లలో ప్లేటుకు మళ్లీ మంచి రోజులొచ్చాయని పత్రికలు రాశాయి. 2020లో అమెరికాలో ప్లేట్ల అమ్మకాల సొమ్ము సి.డి.ల సొమ్మును దాటింది. 1980ల తర్వాత అలా జరగడం అదే మొదలు. పెద్ద సంస్థలు పాత ఇనప్పెట్టెలు తెరిచి తమ దగ్గరున్నదంతా మళ్లీ ప్లేట్లుగా వేయించడం మొదలుపెట్టాయి. సరిగ్గా అదే ఏడాది ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలో అపోలో మాస్టర్స్ అనే కర్మాగారం కాలిపోయింది. గాడి కోయడానికి కావలసిన ఆ పూత బిళ్లలు చేసే కర్మాగారాలు ప్రపంచంలో అప్పటికి రెండే. రెండోది జపానులో ఉంది. బిళ్లలకు కొరత వచ్చింది. ముద్రణ యంత్రాల దగ్గర నెలల తరబడి వరస ఏర్పడింది. 2021లో ఆడెల్ అనే గాయని కొత్త రికార్డుకు ఐదు లక్షల పైచిలుకు ప్లేట్లు వేయించారని వార్తలొచ్చాయి. బకెట్టు మీద దరువు వేసుకునే మరో కుర్రాడి మూడొందల ప్లేట్ల ఆర్డరు కూడా ఆ యంత్రాల దగ్గరికే రావాలి, ఆ వరసలోనే నిలబడాలి. ఆ వరసలో ఎవరు ముందన్నది నిర్ణయించేది యంత్రం గలవాడు. ఎక్కువ ప్లేట్లు వేయించేవాడంటే వాడికి ఎక్కువ గౌరవం.